చుక్క లేని పాఠం

వేళ్ల కణుపులు నొక్కుకుంటూ ఆమె మరో సందేహం తెరిచింది. ఆన్‌లైన్ ఫార్మసీ డిగ్రీ పిల్లలకు, ముందే రాసిపెట్టిన జవాబుల్లోంచి ఒకటి ఏరి పంపడమే ఆమె పని. సొంతంగా ఒక్క ముక్క రాయకూడదు.

‘మేడమ్, పసిబిడ్డ డోసు నాకు అర మిల్లీలీటరు వస్తోంది. వీడియోలో అయిదు అన్నారు. ఎక్కడ పొరపడ్డానో తెలియట్లేదు’ అని రాసింది ఒక అమ్మాయి.

సిగ్గుతోనూ కోపంతోనూ ఆమెకు ఒళ్లు మండింది. ఆ వీడియోలో ఉన్నది తనే. స్టూడియో అద్దె కలిసొస్తుందని సగం కోర్సు ఒక్కరోజులో చెప్పించారు. సాయంత్రానికి గొంతు పోయి, కాళ్లు పీక్కుపోయి, బోర్డు మీద సున్నా పక్కన దశాంశ చుక్క పెట్టడం మరిచి, అయిదనే చదివేసింది. తను ఇదివరకు పాఠం చెప్పిన కాలేజీలో, అది మూతపడక ముందు, ఇలా జరిగితే వెనక బెంచీవాళ్లు అరిచేవారు, తను అరచేత్తో తుడిచి దిద్దేసేది. ఇక్కడ పాఠానికి ఒక్కసారే డబ్బిచ్చి ఏటేటా అమ్ముకుంటున్నారు. ఫీజు పెంచేటప్పుడు వెనకాడని మహానుభావులకు ఒక్క చుక్క పెట్టించడానికి మనసు రాలేదు.

లేచి మేనేజర్ గదికి వెళ్లింది. అతనిది ఆమె కొడుకు వయసు.

“ఆ ఒక్క పాఠం మళ్లీ తీయించు బాబూ. రేపే పరీక్ష.”

“తీయిస్తే తప్పని ఒప్పుకున్నట్టే కదా మేడమ్. పాత బ్యాచులన్నీ ఫీజు వెనక్కిమ్మంటాయి. పైగా పరీక్ష జవాబుల కీ కూడా వీడియో చూసే చేశారు.”

“అంటే, సరిగ్గా చేసినవాళ్లకి మార్కులు పోతాయా?”

“అందుకే వీడియో మళ్లీ చూడమనండి.”

“వీళ్లు పసిపిల్లలకి మందు కొలిచిస్తారయ్యా.”

“అది ఆస్పత్రులు చూసుకుంటాయి మేడమ్” అన్నాడు నిమ్మకు నీరెత్తినట్టు.

ఆమె తిరిగొచ్చి కూర్చుంది. ‘నీ లెక్కే సరి తల్లీ. తప్పు చెప్పింది నేను. మార్కు పోయినా సరే, అర అనే రాయి’ అని రాసి, బ్యాచి మొత్తానికి పంపేసింది.

టీ వేళకు ఆమె లాగిన్ పనిచేయలేదు. పంపిన మాట అందరి ఫోన్లలోంచీ మాయమైంది. మేనేజర్ గది తలుపు తెరుచుకోలేదు. ఆమె సంచీ భుజాన వేసుకుని, ఎవరికీ చెప్పకుండా మెట్లు దిగిపోయింది. తప్పు చెప్పిన మనిషిని తెర మీద ఉంచుకుని, దిద్దిన మనిషిని పంపేశారు.

పిల్లలకు చూపించాలని ఆమె సొంత డబ్బుతో కొన్న, మందు కొలిచే చిన్న గాజు గ్లాసు సొరుగులో ఉండిపోయింది. తర్వాత ఎవరో దాని గీతలు కనబడకుండా అందులో గుండుసూదులు పోసుకున్నారు.