బ్రేకు లేని సైకిలు

తొక్కేటప్పుడు కాళ్లు ఆపొద్దనే కదా గోవిందరావు చెప్పింది. వాలులో ఆపకపోతే ఏమవుతుందో చెప్పాలని తోచనే లేదు. తోచేదెలా? మద్రాసులో తను పందేలు తొక్కిన గుండ్రటి బాటలో కొండవాలనేది ఉంటే కదా. ఆ పందెం సైకిలుకి బ్రేకు ఉండదు. చక్రం తిరిగినంతసేపూ పెడలు తిరుగుతుంది, పెడలుతోపాటు కాలూ తిరగాలి.

బ్రేకు పిరికివాళ్లకని గోవిందరావు కొండమీది జాతాపు తెగ కుర్రాళ్లకి చెబుతూ వచ్చాడు. సాలూరు ఏటి పక్కన బాట చదును చేయించి, తన పాత పందెం సైకిలు మీదే నేర్పాడు. ప్రపంచయుద్ధం ముగిసి, ఆగిన పందేలు మళ్లీ మొదలైతే, కొండవాళ్లలోంచి ఒక్కడైనా వాటిలోకి దిగాలని అతని ఆశ. లక్ష్ముడు దిగేవాడే. కిందటి నెల ఆ సైకిలు మీదే కొండదారి దిగాడు. పెడళ్ల జోరుకి కాలు అందలేదు. ఎముక విరిగింది.

ఇప్పుడు గోవిందరావు లక్ష్ముడి గుడిసె ముందు కూచున్నాడు. చేతిసంచిలో కొత్త బ్రేకు ఉంది. బయటికి తీస్తే తను గెలిచిన పందేలన్నీ ఎగతాళి అవుతాయనిపిస్తోంది. తీయకపోతే... అక్కడే అతని ఆలోచన ప్రతిసారీ తెగిపోతోంది.

"నిద్దట్లో కూడా తొక్కుతన్నాడు బాబూ," అంది లక్ష్ముడి తల్లి గురమ్మ. "కట్టు కట్టిన కాలే కదుపుతాడు. ఎలా ఆపీది సెప్పు?"

పందేలు మానేసి ఇన్నేళ్లయినా రాత్రిళ్లు దుప్పటి కింద గోవిందరావు కాళ్లే ఆగవు. లోపల లక్ష్ముడు గోడవైపు తిరిగి పడుకున్నాడు. మేస్టారు వచ్చాడని తెలిసీ ఇటు తిరగలేదు.

లక్ష్ముడి అక్క చిన్నతల్లి ఆ బ్రేకు లేని సైకిలే బయటికి నడిపించుకొచ్చింది. తమ్ముడి వెంటపడి తనూ తొక్కడం నేర్చుకుంది.

"సాలూరు ఎల్తన్నాను. కట్టుకి నూనె అయిపోనాది."

"వద్దు," అన్నాడు గోవిందరావు.

"ఏటి మేస్టారూ! గానుగెద్దుల్లాగ మమ్మల్ని గుండ్రంగా తిప్పినప్పుడు వద్దన్నావేటి?"

"ఒసే, నోరు ముయ్యి," అంది గురమ్మ.

"దారిలో వాలు ఉంది, చిన్నతల్లీ."

"ఉన్నాది. కొండమీద పుట్టినోళ్లకి వాలు లేని దారి ఏ ఊళ్లో ఉంటాది?"

సైకిలు లాక్కుపోవచ్చు. కానీ లాక్కుపోతే బాట దగ్గరికి ఇంకెవరూ రారు. వదిలేస్తే ఈ పిల్ల ఇప్పుడే వాలు దిగుతుంది. నేర్పిందాన్ని వెనక్కి తీసుకునే దారేదీ అతనికి కనపడలేదు.

చిన్నతల్లి చెంగు నడుముకి దోపుకుంది.

"ఉండు," అన్నాడు.

సంచిలోంచి బ్రేకు తీశాడు. ముందు చక్రం దగ్గర మోకాళ్ల మీద కూచుని, మొదటి మర బిగించాడు.