చూపు తగ్గిన నది

తెల్లారగానే అక్కగారు క్యాంటీన్ వెనకతలుపు తీసి, గడప కడిగి, తొక్కల బుట్టలు వరసగా పెట్టించేది. అరటి తొక్కలు ఒకదాన్లో, నారింజ తొక్కలు ఇంకోదాన్లో, గుడ్డు పెంకులు వేరే. దీన్లోది దాన్లో పడితే ఊరుకునేది కాదు. "చెత్తే కదండీ" అని కొత్త వంటమనిషి ఓసారి నోరు జారింది. "చెత్త నీ బుర్రలో ఉంది, ఇది సరుకు" అంది అక్కగారు. ఆ మాట అన్నందుకు ఆవిణ్ణి ఇప్పటికీ పొయ్యి దగ్గరికి రానివ్వదు.

అంతకుముందు ఆ తలుపు తీసేది నది కోసం. వెనకసందు చివర మెట్లు దిగితే నదే. రోజూ పొద్దున్నే అది మెట్లెక్కి సందులోకి వచ్చి, తనలో ఎవరేం పోగొట్టుకున్నా తెచ్చి వాళ్ల గడపలో పెట్టి వెళ్లేది. తాళంచెవులు, పిల్లల చెప్పులు, ఓసారి టైలరు కత్తెర. ఒడ్డున జారినా, వంతెన మీంచి పడినా, వస్తువు ఎవరిదో నదికి తెలుసు. జనం గడప తుడుచుకుని తమ పనుల్లో పడేవాళ్లు.

ఎగువన రంగుల కార్ఖానా వచ్చాక నదికి చూపు తగ్గింది. ఒకనాడు ఎర్రగా, ఒకనాడు నీలంగా, తడుముకుంటూ మెట్లెక్కేది. ఎవరిదో పళ్లసెట్టు తెచ్చి మంగలి గుమ్మంలో పెట్టింది. నెల తర్వాత హెడ్మాస్టరు గడ్డం గీయించుకోవడానికి వచ్చి, అద్దం పక్కన గూట్లో తన నవ్వు తాను చూసుకున్నాడు. రానురాను నది పైకి రావడమే మానేసింది.

సందులో అందరికీ అదో ఇబ్బంది. అక్కగారికి మాత్రం తేలని తగువు.

వాళ్లమ్మకి ఒక ఇత్తడి గరిటె ఉండేది. ఈ క్యాంటీన్ ఆ గరిటెతోనే నడిచింది. భోజనం వేళకి అమ్మ దాన్ని గిన్నె అంచుకేసి టంగుటంగున కొడితే కూతుళ్లిద్దరూ ఎక్కడున్నా పరిగెత్తుకొచ్చేవాళ్లు. కొట్టీ కొట్టీ గరిటె అంచు ఒకపక్క సొట్టపోయింది. అమ్మ పోయిన ఏడాది, మెట్ల మీద తోముతుంటే అది చెల్లెలి చేతిలోంచి నదిలో జారిపోయింది. అప్పటికే కార్ఖానా నడుస్తోంది. నది తప్పులు చేస్తోందని ఇంకా ఎవరూ కనిపెట్టలేదు. ఎన్నాళ్లు చూసినా గరిటె రాలేదు.

"నదిలో పడితే నది తేదా? పెద్దదాన్ని నేనుండగా నా గడపలో పెట్టదా? దాచుకుంది, దొంగ" అని అక్కగారు భోజనాల బల్లల మధ్య నిలబడి, చెల్లెల్ని నలుగురూ వినేలా అనేసింది.

చెల్లెలు ఏప్రన్ విప్పి కొక్కేనికి తగిలించి, సందు దాటి ఎదురుగా టీకొట్టు పెట్టుకుంది. సందు వెడల్పు రెండు సైకిళ్లు ఒరుసుకోకుండా పోయేంత. అన్నేళ్లుగా ఇద్దరూ ఆ వెడల్పు దాటలేదు.

ఇప్పుడు చెల్లెలు వానలకు ముందే కొట్టు ఎత్తేసి, పై ఊళ్లో ఉన్న కూతురి దగ్గరికి వెళ్లిపోతోందని కబురు. పోతే ఈ సంగతి తేలకుండానే పోతుంది. అక్కగారికి అది మింగుడుపడలేదు. నది కళ్లు తెరవాలి. కళ్లు తెరిచాక కూడా గరిటె తేకపోతే దొంగ దొంగే. తెస్తేనో, అనే వైపు ఆవిడ ఆలోచనని పోనివ్వలేదు.

దారి చెప్పింది నీళ్లు పరీక్ష చేసే ఆఫీసులో అమ్మాయి. రోజూ భోజనం ఇక్కడే.

"తొక్కలు ఎండబెట్టి, పొడికొట్టి, గుడ్డ సంచుల్లో కట్టి కార్ఖానా తూము దగ్గర వేలాడదీయండి అక్కగారూ. నీళ్లలో ఉన్న సీసాన్నీ రాగినీ అవి పట్టుకుంటాయి. గుడ్డు పెంకులు నీటి ఘాటు విరుస్తాయి. వాడిన సంచులు మాత్రం నదిలో పారేయకండి, నాకివ్వండి, ఎక్కడ పంపాలో అక్కడికి పంపుతాను."

"మరి రంగు?"

"రంగు లాగాలంటే టీపిప్పి కావాలి. మరిగించి వడగట్టాక మిగులుతుందే, అది. బోలెడు కావాలి." ఆ అమ్మాయి ఎదురుగా ఉన్న కొట్టు వైపు చూసింది. "దొరక్కపోదు."

ఆ పూట ఆ అమ్మాయికి అక్కగారు మారు వడ్డించలేదు. మర్నాడు బకెట్టు పట్టుకుని సందు దాటింది. కొట్టు ముందు నిలబడి, చెల్లెల్ని కాకుండా, బల్ల మీద కూర్చున్న టైలర్ని చూసింది.

"ఏమయ్యా టైలరూ, ఇక్కడ పారేసే టీపిప్పి ఎవరికైనా ఇస్తారేమో కనుక్కో."

టైలరు గ్లాసు పట్టుకుని అటూ ఇటూ చూశాడు. చెల్లెలు వడగట్టడం ఆపలేదు. "దొంగ చేతి పిప్పి వాళ్ల బకెట్లో ఇముడుతుందేమో అడగండి టైలరుగారూ."

"నదికోసం అడుగుతున్నానని చెప్పు. నాకోసమైతే ఈ గుమ్మం తొక్కుతానా?"

"తొక్కనే తొక్కారుగా అనండి. నదికైతే తీసుకెళ్లమనండి. ఎవరి మాట నిజమో నదే తేలుస్తుంది, నాకూ చూడాలనే ఉంది."

"నేను టీ తాగొచ్చా అమ్మా? చల్లారిపోతోంది" అన్నాడు టైలరు.

పిప్పి వచ్చింది. తొక్కల పొడిలో కలిపి సంచులు కట్టించి, అక్కగారే దగ్గరుండి తూము నోటికి అడ్డంగా వేలాడదీయించింది. నీళ్ల రంగు కాస్త విరిగింది. నది మొదటి మెట్టు దాకా వచ్చి మొహం పైకెత్తింది కూడా. అంతలో సంచులు పులిశాయి. చీమలు, ఈగలు, వెనకసందు దాకా ముక్కు మూసుకునే కంపు. నది గిరుక్కున వెనక్కి పోయింది.

అది పాలూ చక్కెరా వేసి మరిగించిన పిప్పి. "ఇందులో ఏం కలిపావు?" అని ఒక్క మాట అడిగితే ముందే తెలిసేది. చేతిలోకొచ్చే ప్రతి బంగాళాదుంపనీ తిప్పి చూసే మనిషి, ఆ ఒక్క మాట అడగలేక సంచులన్నీ పాడుచేసుకుంది.

మళ్లీ కట్టించింది, ఈసారి ఒట్టి తొక్కలతో. రంగు చెక్కుచెదరలేదు.

ఒకనాటి పొద్దున వెనకతలుపు తీస్తే గడప పక్కన బకెట్టు. అందులో వేడినీళ్లతో కడిగి, రేకు మీద ఎండబెట్టిన టీపిప్పి, చేతికి అంటుకోకుండా గలగలలాడుతోంది. అక్కగారు వేళ్ల మధ్య నలిపింది. వాసన చూసింది. చిటికెడు నాలిక మీద వేసుకుంది. తీపి లేదు, పాల జిడ్డు లేదు. వంక దొరకలేదు. ఎదురుకొట్టులో చెల్లెలు అటు తిరిగి గ్లాసులు కడుగుతోంది. అది మొదలు బకెట్టు రోజూ వచ్చింది, మాట మాత్రం రాలేదు.

తర్వాత కార్ఖానా ఫోర్‌మన్ ఊగిపోతూ వచ్చాడు. "మా తూముకి అడ్డంగా ఈ మూటలేంటి? తీసెయ్యండి!"

"నువ్వు నీళ్లన్నీ ఒక్కసారే వదిలితే నా సంచులు కొట్టుకుపోతున్నాయి. కొంచెం కొంచెంగా వదులు."

"కుదరదు."

"అలాగే. రేపట్నుంచి మీవాళ్లకి భోజనం పంపడం నాకూ కుదరదు."

ఆ చుట్టుపక్కల ఇంకో క్యాంటీన్ లేదు. వారం తిరక్కుండా, ఆకలేసిన పనివాళ్లే వెళ్లి తూము తలుపు సగానికి దించారు. భోజనాలు మళ్లీ మొదలయ్యాయి. ఫోర్‌మన్‌కి మాత్రం అక్కగారు ఈనాటికీ అడుగంటిన అన్నమే వడ్డిస్తుంది.

నది కషాయం రంగుకి వచ్చింది. తర్వాత పల్చటి టీ రంగు. ఆపైన అడుగున గులకరాళ్లు కనబడ్డాయి. మంగలి పోగొట్టుకున్న దువ్వెన మంగలికే వచ్చింది. హెడ్మాస్టరు కళ్లజోడు హెడ్మాస్టరింటికే వెళ్లింది. ఆకాశంలో మబ్బులు కూడా కమ్ముకున్నాయి.

చెల్లెలు వెళ్లే రోజు రానే వచ్చింది. కొట్టు రేకుతలుపు దించి ఉంది. బయట బల్ల బోర్లించి, దాని మీద మూట కట్టి పెట్టి ఉంది. ఇంకా సరిగ్గా తెల్లారలేదు. అక్కగారు కడిగిన గడప మీద ఒక్కతే నిలబడి ఉంటే, నది మెట్లెక్కి వచ్చింది. దాని ఒళ్లో గరిటె ఉంది. సొట్టపోయిన అంచుతో సహా.

నది తిన్నగా క్యాంటీన్ గడప దగ్గరికొచ్చి ఆగింది. అక్కగారు చెయ్యి చాపింది. ఆ నీళ్లలో ఆవిడ మొహం, ఒక్క ముడత కూడా దాగకుండా కనిపించింది. నది కాసేపు అలాగే చూసింది. చూసి, అటు తిరిగి సందు దాటి, మూసి ఉన్న టీకొట్టు గడపలో గరిటె పెట్టి, మెట్లు దిగి వెళ్లిపోయింది.

చాపిన చెయ్యి చాపినట్టే ఉండిపోయింది.

కాసేపటికి అక్కగారు సందు దాటింది. వంగి గరిటె తీసింది. అప్పటికి వీధిలో ఎవరూ లేవలేదు. ఏప్రన్ కింద పెట్టుకుని తలుపేసుకుంటే అడిగేవాళ్లు లేరు. బస్సు వెళ్లిపోతుంది. అన్న మాట అన్నట్టే మిగులుతుంది. ఆవిడ గరిటెని ఏప్రన్ దాకా తెచ్చింది కూడా.

తర్వాత దాన్ని ఎత్తి, రేకుతలుపు మీద టంగుటంగున కొట్టింది.

లోపల ఏదో గిన్నె దొర్లింది. చెల్లెలు జుట్టు ముడేసుకోకుండానే, ఆ చప్పుడుకి చిన్నప్పుడు వచ్చినట్టే పరిగెత్తుకొచ్చి తలుపు లేపింది. గరిటెని చూసింది. అక్కని చూసింది. మధ్యలో టైలరు లేడు.

"నీ గడపలో పెట్టింది" అంది అక్కగారు.

"నాదెందుకవుతుంది? అమ్మది."

"ఎవరిదో నదికి తెలుసు. నాతో వాదించకు."

చెల్లెలు గరిటె అందుకుని, సొట్ట మీద బొటనవేలు పెట్టి నిమిరింది. మెల్లగా అంది: "బస్సుకి టైమవుతోంది అక్కా."

"బస్సు రేపూ వస్తుంది. మధ్యాహ్నానికి కార్ఖానా భోజనాలున్నాయి. గరిటె నీ దగ్గరుంటే కూర నేను దేంతో తిప్పను?" అని వెనక్కి చూడకుండా సందు దాటేసింది అక్కగారు.

చెల్లెలు మూట వైపు చూసింది. గరిటె వైపు చూసింది. తలుపు దించి, ఆవిడ వెనకే నడిచింది.

వంటింట్లో కొక్కేనికి ఏప్రన్ తను తగిలించిన చోటే ఉంది. దుమ్ముపట్టి ఉంటుందనుకుని తీసి దులపబోయింది. దులపడానికేమీ లేదు. మడత నలగలేదు, సబ్బు వాసన ఇంకా పోలేదు.

"చూస్తావేం, కట్టుకో" అంది అక్కగారు, పొయ్యి వెలిగిస్తూ.