ఐసుకి బిల్లు లేదు

హజరత్తయ్య ఈరోజు ఊక తక్కువ చల్లాడు, అందుకే గోనెసంచిలోంచి నీళ్లు అప్పుడే కారిపోతున్నాయి, ఆటోలో జారుకుంటూ వచ్చి ప్రేమలీల చెప్పుల కింద చేరుతున్నాయి, పాదాలు చల్లబడుతున్నాయి గానీ నడినెత్తి మాత్రం మాడిపోతోంది, ఇంకాస్త ఊక వెయ్యన్నా అని ఐసు ఫ్యాక్టరీ దగ్గరే అడగాల్సింది, అడగలేదు, మొన్నటి నుంచీ బిల్లు బిల్లు అని ఆ మనిషిని విసిగిస్తూనే ఉంది, మళ్లీ ఊక కూడా అడిగితే ఏం బాగుంటుందని ఊరుకుంది, మొదటి రోజయితే ఆయన నవ్వేశాడు, ఐసుకి బిల్లేందమ్మా, చేపలోళ్లు అడగరు, పెండ్లోళ్లు అడగరు, సావింట్లోకి తీసకపొయ్యేవాళ్లు గూడా అడగరు, కరిగిపొయ్యేదానికి కాయితం యాడనుంచి తెచ్చేది అన్నాడు, ఆ మాటకి తనూ నవ్వింది, ఆటో ఎక్కాక మాత్రం నవ్వు రాలేదు, ఎందుకంటే యూనివర్సిటీ సముద్ర జీవశాస్త్ర విభాగం ఆఫీసులో కుర్చీ వేసుకున్న నాటి నుంచీ ఆమె చేతి మీదుగా కొన్న ప్రతిదానికీ, సుద్దముక్క నుంచి మైక్రోస్కోపు దాకా, ఏదో ఒక కాగితం పుట్టింది, ఈ ఐసు ఒక్కదానికే పుట్టలేదు, అంటే యూనివర్సిటీ లెక్క ప్రకారం ఈ ఐసు లేదు, కాళ్ల కిందికి కారుతున్నా లేదు, కొంచెం తొందరగా పోనీ అన్నా అంది, డ్రైవరు అద్దంలోంచి చూసి, ఎదురుగాలమ్మా, ఇంతకంటే ఇది పోదు అన్నాడు, రోడ్డుకి రెండు పక్కలా రొయ్యల గుంటలు, వాటి మీద తిరిగే చక్రాలు, నీటి తుంపర, ఎవరి రొయ్యలకో గాలి అందుతోంది, కరెంటు పోతే వెంటనే జనరేటరు వేసుకుంటారు వాళ్లు, ఎవరినీ అడగక్కర్లేదు, గుంట ఎవరిదో జనరేటరూ వాళ్లదే.

ల్యాబులో ఫ్రీజరు మొన్న పొద్దున ఆగిపోయింది, ఆగిపోతుందని అందరికీ తెలుసు, అదే కదా ఊరుకోనివ్వనిది, తెలియనిదైతే దేవుడి మీద వేసేయొచ్చు, ఉగాది ముందే, పరిశోధన చేసే పిల్ల ప్రత్యూష ఆఫీసు గడపలో నిలబడి, అక్కా, మేడ మీద పెద్ద ఫ్రీజరు మూలగతా ఉంది, ఒకసారి వచ్చి వినక్కా అంది, వెళ్లి వింది, నిజంగానే ముసలి మనిషి నిద్రలో మూలిగినట్టుంది, ఆ రోజే కొత్తది కావాలని ఇండెంటు రాసింది, హెడ్డు నరేంద్రబాబు గారు చదవకుండానే సంతకం పెట్టారు, మూడు కంపెనీల కొటేషన్లు తెప్పించింది, అకౌంట్స్ సెక్షన్ నుంచి ఫైలు వెనక్కి వచ్చింది, ఒక కొటేషను మీద సీలు లేదట, సీలు వేయించి పంపింది, మళ్లీ వచ్చింది, పాతదాన్ని బాగు చేయించడం కుదరదని ఎవరు చెప్పారు అని అడిగారు, మెకానిక్కుని తెచ్చి రాయించి పంపింది, మళ్లీ వచ్చింది, కొత్తగా పోర్టల్ ద్వారానే కొనాలని సర్క్యులర్ వచ్చింది కాబట్టి మొదటి నుంచి మొదలుపెట్టమన్నారు, ఈ లోగా పక్క డిపార్ట్‌మెంటు ఫ్రీజరులో కాస్త చోటు అడిగితే లెటర్ పెట్టమన్నారు, లెటర్ పెట్టింది, జవాబు రాలేదు, ఇవన్నీ జరుగుతున్నంతసేపూ మేడ మీద ఆ మూలుగు మూలుగుతూనే ఉంది, కింద తన బల్ల దగ్గర కూర్చుంటే వినపడదు, కానీ వినపడుతున్నట్టే ఉండేది, భోజనం చేస్తున్నా, ఆదివారం చర్చిలో పాట పాడుతున్నా, ఆ మూలుగు పాట అడుగున ఉండేది.

అందులో ఏముందో తనకి శాస్త్రం ప్రకారం తెలియదు, ప్రత్యూష చెప్పినంతే తెలుసు, పులికాట్‌లో పట్టిన మండపీతల మొప్పలు, చిన్న చిన్న గొట్టాల్లో పెట్టి, ఒక్కోదాని మీద చీమల్లాంటి అక్షరాలు, ఆ పిల్ల తెల్లవారకముందే బస్సెక్కి తడ దాకా పోయి, అక్కడి నుంచి పడవలో వేనాడు వైపు పోయేది, తిరిగి వచ్చేటప్పటికి మోకాళ్ల దాకా బురద, బుట్టలో తాళ్లు కట్టిన పీతలు గిలగిల కొట్టుకుంటుంటే ఆఫీసు ముందు నుంచే పోతూ, అక్కా, ఇంద, దీని పట్టు చూడు అని భయపెట్టేది, రాకెట్టు పంపే రోజుల్లో పడవల్ని పోనియ్యకపోతే ఒడ్డున కూర్చుని ఏడుపు గొంతుతో ఫోను చేసేది, వాళ్లది నాయుడుపేట అవతల పల్లె, నాన్న పెంచలకృష్ణ వరి పండిస్తాడు, ఒకసారి కూతురిని చూడ్డానికి వచ్చి ఆఫీసులో కూర్చుని, ఏమ్మా, పీతకి జబ్బు చేస్తే మా బిడ్డ ఇన్నేండ్లు సదవాల్నా అని అడిగాడు, తనేదో చెప్పబోతే ప్రత్యూషే అందుకుని, నాయనా, ముందు పీతకొస్తాది, ఆ మీదట రొయ్యకొస్తాది, ఆ మీదట గుంటలేసిన రైతుకొస్తాది అంది, అట్టయితే సదువు అన్నాడాయన, ఎంత మంచి మనిషి, ఇప్పుడు ఆయనకి ఎవరు చెబుతారు, చెప్పాల్సిన అవసరం రాదులే, ఐసు ఉంది కదా, ఇదుగో క్యాంపస్ గేటు, సరుగుడు చెట్లు, వాచ్‌మన్ సంచి వైపు చూసి ఏమీ అడగడు, మంచిదే, ఇవి మళ్లీ దొరకవక్కా అంది ఒకరోజు ప్రత్యూష గొట్టాలని వెలుతురుకి ఎత్తి చూపిస్తూ, ఇవి తుఫానుకి ముందరివి, ఇప్పుడు ఆ కాలవలో నీళ్లు వేరే, పీతలు వేరే, నేను పోయి పట్టుకొచ్చినా ఇవి గావు అంది.

మెట్లు ఎక్కుతుంటే సంచి నడుముకి ఆనుకుని చీర తడిసిపోయింది, ఎవరో కుర్రాళ్లు పట్టుకుంటాం మేడమ్ అన్నారు, వద్దు నాన్నా అంది, ఎందుకు వద్దంది, పట్టుకోనిస్తే ఏం పోయేది, కానీ ఈ బరువు ఎవరికీ ఇవ్వబుద్ధి కాలేదు, వేలిముద్ర వేసి వచ్చి రోజంతా కాగితం మీద కాగితం పెట్టి దారం కట్టే చేతులకి ఇది ఒక్కటే పని అనిపిస్తోంది, అమ్మ మిషన్ ఆస్పత్రిలో ఆయాగా చేసేది, ఇంటికొస్తే చేతులు డెట్టాలు వాసన, ఈరోజు ఇద్దరిని స్నానం చేయించినా, ఒకామెకి జడ వేసినా అని చెప్పేది, తను ఏం చెప్పాలి పిల్లలకి, ఈరోజు ఫైలు పంపించా, ఈరోజు ఫైలు వచ్చింది, ల్యాబు తలుపు దగ్గరే ప్రత్యూష ఎదురొచ్చింది, కళ్లు లోపలికి పోయి ఉన్నాయి, నిద్ర లేదు పాపం, సంచి చేతిలోంచి తీసుకుని, మళ్లీ తెచ్చినావా అక్కా అంది, తెస్తానన్నాగా, పాతది కరిగుంటుంది, గొట్టాలున్న పెట్టెలో నేను సర్దుతానుండు అంటే, వద్దక్కా, చీర చూడు ఎట్టుందో, నువ్వు పో, నేను సర్దుకుంటా అంది, ఇంతలో కింద నుంచి పిలుపు, హెడ్డు గారు రమ్మంటున్నారని, ప్రభువా, సాంక్షనే అయి ఉండాలి, సాంక్షనే అయి ఉండాలి అనుకుంటూ దిగింది.

నరేంద్రబాబు గారు ఫైలుని బల్ల మీద ఇటు తోశారు, ప్రేమలీల గారూ, మళ్లీ వెనక్కి పంపారండీ, నేను మాట్లాడితే వినరు, మీరొకసారి అకౌంట్స్‌కి వెళ్లి కిషోర్ బాబు గారిని కలవండి, మీకు పరిచయం కదా అన్నారు, ఆయన వచ్చే ఏడు రిటైరవుతారు, ఎవరితోనూ మాట పడదలుచుకోలేదు, తప్పు కూడా కాదు, ఎండలో పరిపాలన భవనం దాకా నడుస్తూ ఫైలు తెరిచి చూసింది, కంపెనీ ఇంజనీరే స్వయంగా వచ్చి చూసి ఇది బాగు కాదని సర్టిఫికెట్టు ఇవ్వాలట, ఇంజనీరు చెన్నై నుంచి రావాలి, ఆయన వచ్చి చూడ్డానికయ్యే ఖర్చుకి వేరే ఫైలు పెట్టాలి, దానికీ ఇండెంటు, దానికీ సంతకం, అక్షరాలు ఎండలో తెల్లగా మెరుస్తున్నాయి, ఒక్కో వాక్యం విడిగా చదివితే సరిగ్గానే ఉంది, అందుకే భయం వేసింది, ఒక్క తప్పు మాట దొరికినా పట్టుకుని కొట్లాడొచ్చు, దొరకలేదు, కిషోర్ బాబు ఆమెని కూర్చోమని మంచినీళ్లు తెప్పించాడు, సార్, ఫ్రీజరు ఆగిపోయింది సార్, మూలగడం కాదు, ఆగిపోయింది, లోపలున్న ఆ అమ్మాయి శాంపిళ్లు ఐసు మీద పెట్టాం అంది, ఆయన కళ్లద్దాలు తీసి, మేడమ్, మీ ఫైల్లో ఆ అమ్మాయి యాడుండాదో చూపించండి అన్నాడు, పాత చల్లపెట్టె చెడిపోతా ఉంది, కొత్తది కావాల, అంతే రాసినారు, అర్జెంటు అని రాశాను కదా సార్, పైనే, ఎర్రసిరాతో, ఆయన పక్కనున్న ఫైళ్ల దొంతర ఆమె వైపు తిప్పాడు, అన్నిటి మీదా అర్జెంటు, కొన్నిటి మీద రెండుసార్లు, ఎర్రసిరా వెలిసి గులాబీ రంగుకి తిరిగినవి కూడా ఉన్నాయి, ఆ అడుగున ఎవరెవరు ఉన్నారో, ఏమేం మూలుగుతున్నాయో, ఆయనే మళ్లీ అందుకుని, ఆ తుఫానప్పుడు నేను ఒక జనరేటరు బిల్లు కొటేషన్లు లేకండా పాస్ చేసినా మేడమ్, హాస్టల్ పిల్లలు చీకట్లో ఉండారని, ఇప్పటిదాకా నా ప్రమోషను రాలా, పిల్లలు చదువులై పొయ్యి ఉద్యోగాల్లో ఉండారు, నేను ఇక్కడ్నే ఉండా, మీ బాధ నాకు తెలవదనుకోబాకండి అన్నాడు, ఆయన గొంతులో కోపం లేదు, ఉంటే బాగుండేది, గ్లాసులో నీళ్లు అయిపోయాయి, ఇంకా ఏమైనా అడగాలా, ఏం అడగాలి, నమస్కారం పెట్టి లేచింది, ఆయనా లేచి నిలబడ్డాడు, ఆ మర్యాదకి ఏడుపొచ్చింది.

తిరిగి వచ్చేటప్పుడు సముద్రం వైపు నుంచి గాలి మళ్లింది, ఉప్పగా, తడిగా, చెప్పకూడదు ప్రత్యూషకి, ఇంజనీరు వస్తున్నాడని మాత్రం చెప్పాలి, అది అబద్ధం కాదు, ఎప్పుడొస్తాడో చెప్పకపోతే చాలు, రేపు ఐసు ఇంకా పెద్ద గడ్డ తేవాలి, హజరత్తయ్యని ఊక అడగాలి, రెండు పూటలా తేవాలి, అవసరమైతే ఆదివారం ఆరాధన అయ్యాక కూడా, మెట్లెక్కి తలుపు తోసింది, ల్యాబులో ఎవరూ లేరు, గోనెసంచి ఇందాక పెట్టిన చోటే నేల మీద ఉంది, మూతి విప్పలేదు, దాని చుట్టూ మడుగు, ఊక తేలుతోంది, అయ్యో, మరిచిపోయిందా, ఎవరైనా పిలిచారేమో, ఇంతసేపూ వృథాగా కరిగిపోయింది, పరుగున వెళ్లి సంచి ఎత్తి, గోడవారనున్న థర్మాకోల్ పెట్టె మూత లాగింది, పెట్టెలో నీళ్లున్నాయి, నిన్నటి ఊక నాలుగు పొట్లు, ఇంకేమీ లేదు, చెయ్యి పెట్టి అడుగంతా తడిమింది, గొట్టాలు లేవు, ఒక్కటి లేదు, నీళ్లు చల్లగా కూడా లేవు, లేచి ఫ్రీజరు దగ్గరికి పోయింది, తలుపు వేసి లేదు, అరలు కడిగి ఆరబెట్టి ఉన్నాయి, కడిగిన మందు వాసన, ఆ వాసన అడుగున ఇంకో వాసన, సంత ఎత్తేశాక చేపల గట్టు దగ్గర వచ్చేది.

వెనక నుంచి అక్కా అన్న పిలుపు, చేతిలో తడిగుడ్డతో ప్రత్యూష, ఎప్పుడు పోయినాయి పాపా అంది తను, మొన్న పొద్దున్నేనక్కా, నేను తాళం తీసేతలికే నీళ్లయిపోయినాయి, మరి ఐసు, ప్రత్యూష తల అడ్డంగా ఊపింది, వాటికి ఐసు చాలదక్కా, ఐసు కంటే ఎంతో చల్లగా ఉండాల, ఐసు వాటికి ఎండతో సమానం, మరి నాతో చెప్పవేమ్మా, మూడు రోజుల నుంచీ నేను, మాట పూర్తి కాలేదు, చెప్పాలనే వచ్చినానక్కా ఆ పొద్దున, నువ్వు ఫ్రీజరు ఆగిందని వింటానే ఐసు తెస్తానుండు అని చెప్పులు గూడా సరిగ్గా ఏసుకోకండా పరిగెత్తినావు, తడిసిపోయి మెట్లెక్కి వచ్చినావు, ఆ మొఖం చూసినాక నోరు రాలా, రేపు చెప్తాంలే అనుకున్నా, రేపు గూడా తెచ్చినావు అంది, అని, ఏం కాదులేక్కా, నువ్వు కూర్చో, చీర మార్చుకోవాల, జలుబు చేస్తాది అంటూ ప్రేమలీల భుజం మీది ఊక ఒక్కొక్కటీ ఏరి తీస్తోంది, ఆ చేతులు, తెల్లవారకముందు పడవలో కూర్చున్న చేతులు, గొట్టాల మీద చీమల్లాంటి అక్షరాలు రాసిన చేతులు, వణకడం లేదు, ఎందుకు వణకడం లేదు, మూడు రోజులుగా అరలు కడుగుతూ, తలుపు దగ్గర ఎదురొచ్చి సంచి అందుకుంటూ, నేను సర్దుకుంటా అంటూ, నువ్వు పో అక్కా అంటూ, నాన్నకి ఫోను చేసిందా, చేసి ఉండదు, ఎవరితో చెబుతుంది, చెప్పడానికి ఈ భవనంలో ఉన్నది తనొక్కతే, ఆ తనేమో ప్రతి మధ్యాహ్నం ఐసు ఎత్తుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది, ఆశగా నిలబడింది, ఆ గుమ్మంలో తను అలా నిలబడి ఉన్నంతకాలం ఈ పిల్లకి ఏడవడానికి చోటు లేదు.