లూదియా టీకి పోయినప్పుడు

ఉలి చప్పుడు.

టక్ టక్... టక్ టక్... తూర్పు ఇంకా ఎర్రబడుతుండగానే ఆళ్లగడ్డలో రాయి మీద ఇనుము పలుకుతుంది.

తెల్లటి రాతిపొడి గాలిలోకి లేస్తుంది. ఆరేసిన చీరల మీద వాలుతుంది. గుమ్మాల మీద, వేపాకుల మీద, నిద్రపోయే కుక్కల వీపుల మీద వాలుతుంది.

ఆ పొడిలోంచే లూదియా నడిచేది.

పదకొండేళ్లు నడిచింది. చంకన సంచి, చేతిలో రిజిస్టరు, కాళ్లకు రబ్బరు చెప్పులు. ఆ రాతిపనివాళ్ల వీధికి ఆమె ఆశా వర్కరు. ఏ ఇంట్లో ఎవరికి నెల తప్పిందో ఒక్కోసారి మొగుడికన్నా ముందు ఆమెకే తెలిసేది. గుమ్మంలో నిలబడి ఒకటే మాట చెప్పేది —

"సర్కారు ఆస్పత్రికి పోదాం పామే. ఒక్క పైసా ఖర్చు ల్యా!"

చెప్పేటప్పుడు ఆమె ముఖం వెలిగేది. తన ఇంట్లోని బియ్యమే తీసి పెడుతున్నట్టు చెప్పేది. ఆడవాళ్లు నవ్వేవాళ్లు. తలూపేవాళ్లు. ఎవరూ ఎదురు అడిగేవాళ్లు కాదు.

ఆ తలూపడాన్ని లూదియా నమ్మకం అనుకుంది.

ముప్పై నాలుగో ఏట ఆమెకే నెల తప్పింది.

అంతకుముందు రెండుసార్లు నిలబడలేదు. ఈసారి నిలబడింది. మూడో నెల దాటింది, ఐదు దాటింది, ఏడు దాటింది. మొగుడు రాజరత్నం ఆదివారం చర్చిలో తబలా కొడతాడు, మిగతా ఆరు రోజులు రాతి దేవుళ్లకు నునుపు పెడతాడు. సాయంత్రం ఇంటికొచ్చి, పొడి పట్టిన చేతులు మోచేతుల దాకా కడుక్కుని, కడుపు మీద అరచెయ్యి ఆనించేవాడు. లోపల తన్నేది. అతను ఉలిక్కిపడేవాడు. ప్రతి రోజూ ఉలిక్కిపడేవాడు.

ఎనిమిదో నెలలో ఒక పొద్దున చీర మీద ఎర్రటి మచ్చ. చిన్నది. రూపాయి బిళ్లంత.

పదకొండేళ్లు ఎందరికో ధైర్యం చెప్పిన మనిషి ఆ మచ్చ చూసి రిజిస్టరు పక్కన పడేసి ఆస్పత్రికి నడిచింది.

ఆళ్లగడ్డలో డాక్టరమ్మ చూసింది. "మాయ కిందికి ఉందేమో. నంద్యాలకు పోయి స్కాను తీయించుకో. ఆలస్యం చేయొద్దు," అంది.

ఆ రోజు రాజరత్నానికి వదల్లేని పని. మర్నాటికి ఎవరి గుడికో పోవాల్సిన విగ్రహానికి ఇంకా ఒక భుజం గరుగ్గానే ఉంది. "నేను పోతా లేప్పా తోడు," అంది చాంద్‌బీ.

చాంద్‌బీది ఆ వీధి మొదట్లో గాజుల అంగడి. యాభై దాటిన మనిషి. నాలుగేళ్ల క్రితం ఆమె కూతురు తస్నీమ్‌ను కాన్పుకు దగ్గరుండి తీసుకుపోయింది లూదియానే. ఆ రుణం తీర్చుకుంటోందని లూదియా అనుకుంది.

పర్సులో రెండు వందలు పెట్టుకుంది. చాలు. ఎక్కువే.

బస్సెక్కి ఆధార్ కార్డు చూపితే కండక్టరు మిషన్‌లోంచి సున్నా టికెట్టు తీసి ఇచ్చాడు. లూదియా దాన్ని చాంద్‌బీ ముఖం ముందు ఆడించింది.

"సూడత్తా. బస్సు గూడా ఉచితమే!"

చాంద్‌బీ తలూపింది. కిటికీ వైపు తిరిగి నవ్వుకుంది.

నల్లమల కుడివైపు నీలంగా సాగింది. వరి పచ్చగా, మడుల్లో నీళ్లు వెండిగా, అరటి ఆకులు గాలికి చీలికలై. ప్రతి గతుకుకూ లూదియా రెండు చేతులూ కడుపు కిందికి పోయాయి.

ఉండు బిడ్డా. గట్టిగా పట్టుకో.

నంద్యాల బస్టాండు నుంచి చెరువుకట్ట సర్కారు ఆస్పత్రికి ఆటోవాడు ఎనభై అడిగాడు. లూదియా పర్సు తీసింది. ఇక్కడికి ఎందరినో తెచ్చింది. అప్పుడు ఆటోకు ఎవరు ఇచ్చారు? గుర్తు రాలేదు. ఎప్పుడూ ఆమె ముందే దిగి, ఓపీ చీటీ కోసం పరుగెత్తేది కదా...

ఆస్పత్రిలో స్కాను మిషను ఒకటి. వరండా నిండా కడుపులు. చీటీ మీద తేదీ వేసి ఇచ్చారు — పద్దెనిమిది రోజుల తర్వాత.

"అంతవరకు ఆగకూడదమ్మా," అంది లోపల డాక్టరమ్మ. చిన్న వయసు. కళ్ల కింద అలసట. "రక్తం కనబడింది కదా. బయట తీయించుకుని ఈరోజే తెచ్చి చూపించు."

బయట అంటే రోడ్డుకు అవతల. అద్దాల తలుపు, చల్లటి గాలి, బల్ల వెనక ఒక అమ్మాయి. పన్నెండు వందలు అంది. తల ఎత్తకుండానే అంది.

లూదియా పర్సులో నూట ఇరవై ఉంది.

ఆమె అట్లాగే నిలబడిపోయింది. లోపల బిడ్డ మెల్లగా దొర్లింది. పక్కనున్న చాంద్‌బీ బురఖా లోపలికి చెయ్యి పెట్టి చిన్న గుడ్డసంచి తీసింది. మూతి విప్పి, నోట్లు తడి వేలితో విడదీసి, బల్ల మీద పెట్టింది.

"ఇదేందత్తా?"

"స్కాను."

"నీకెట్ల తెలుసు, ఈడ బయట తీయిచ్చాల్సొస్తాదని?"

"వీధంతా తెలుసు," అంది చాంద్‌బీ. "నీకే తెల్దు."

చల్లటి గదిలో చీకటి. పొట్ట మీద చల్లటి జిగురు. తెర మీద బూడిదరంగు మబ్బులు కదిలాయి. మబ్బుల మధ్య ఒక చిన్న వెలుగు కొట్టుకుంది — టపటప, టపటప, పరుగెత్తే మేకపిల్ల కాళ్లలా.

"మాయ పైకి జరిగింది. భయం లేదు," అన్నాడు స్కాను డాక్టరు.

భయం లేదు.

ఆ మాట చెవిలోంచి దిగి అరికాళ్ల దాకా పోయింది. లూదియా ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది. చాంద్‌బీ బురఖా లోంచి కొంగు లాగి ముందు ఆమె కళ్లు తుడిచి, తర్వాత పొట్ట మీద జిగురు తుడిచింది.

రిపోర్టు ఆ చిన్న డాక్టరమ్మకు చూపించి బయటికి వచ్చి, ఆస్పత్రి గోడ నీడలో ఇద్దరూ దిమ్మె మీద కూర్చున్నారు. అప్పుడు అడిగింది లూదియా.

"తస్నీమ్‌కూ అయినాయా అత్తా... దుడ్లు?"

చాంద్‌బీ చెప్పులు విడిచి, కాళ్లు చాపుకుంది.

"కాకేం? బయట మందులు. మాకు తిండి. ఇంగ బిడ్డను తుడిచి చేతిలో పెట్టిన వార్డు ఆయమ్మకు ఐదు నూర్లు."

"నేను ఆడనే ఉంటిని కదత్తా!"

"యాడుంటివి? టీకి పోతివి."

లూదియాకు గుర్తొచ్చింది. ఆ రోజు చాంద్‌బీ రెండుసార్లు టీ తెమ్మంది. ఒకసారి చక్కెర చాల్లేదని వెనక్కి పంపింది.

"నీకు టీ ఇష్టమని పంపిచ్చినా అనుకుంటివా? ఆయమ్మ తలుపు సందులో నిలబడి, మీ ఆశా పోయిందా, పోయిందా అని కళ్లతోనే అడుగుతాంది. నేనే చెప్పినా ఆమెకు — మా లూదియా ముందర చెయ్యి చాపొద్దు తల్లీ, ఆ పిల్ల మనసు నొచ్చుకుంటాది అని."

"నాకు చెప్పొచ్చు కదా..."

"ఎట్ల చెప్పేది? అంత సంబరంగా వస్తాంటివి. ఒక్క పైసా ల్యా అని నువ్వు నవ్వితే, ఆ నవ్వు ఇరిసేదానికి ఎవురికి మనసొస్తాదిమే?"

లూదియా రోడ్డుకు అవతలి అద్దాల తలుపు వైపు చూసింది.

నిజంగా తనకు తెలియదా? ఆటో దగ్గర ఆమె ముందే దిగింది. మందుల అంగడి దగ్గర ఆమె బయటే నిలబడింది. తలుపు సందులో ఆయమ్మను ఆమె కూడా చూసింది... చూసి, గోడ మీద టీకాల బొమ్మలు చదివింది. కళ్లు చూసినదాన్ని మనసు దాకా రానివ్వలేదు.

వాళ్లు ఆమె నవ్వును కాపాడారు. ఆమె కూడా దాన్నే కాపాడుకుంది.

తిరుగు బస్సులో నల్లమల ఎడమవైపుకు వచ్చింది. శిరివెళ్ల దాటాక లూదియా అంది — "ఎవరెవరికి ఏమేం అయిందో నాకు చెప్పాల అత్తా. అందరూ చెప్పాల."

"సరే. నీకు గాజులు తొడిగే నాడు అందరినీ పిలుస్తా," అంది చాంద్‌బీ.

గురువారం మధ్యాహ్నం గాజుల అంగడి నిండిపోయింది.

చాంద్‌బీ లూదియా చేతికి కొబ్బరినూనె రాసి, వేళ్లు ఒక్కటి చేసి నొక్కి, ఆకుపచ్చ గాజులు ఒక్కొక్కటే ఎక్కించింది. చుట్టూ ఆడవాళ్లు. చాప మీద, గడప మీద, ఖాళీ అట్టపెట్టెల మీద. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

రంగమ్మే మొదట నోరు విప్పింది. రంగమ్మ కోళ్లు సాకుతుంది. ఆమె కోడలి కాన్పుకూ లూదియానే తోడు పోయింది.

"ఆస్పత్రి ఖర్చుకు నాలుగు కోళ్లు అమ్ముకుంటి తల్లీ. నల్లపుంజుతో సహా. ఇప్పటికీ నా మనవడు ఏడిస్తే నాకు కోడి కూసినట్టే ఉంటాది!"

అంగడి గొల్లుమంది.

అంతే, కట్ట తెగింది. ఒకామె నంద్యాలలో కొన్న బక్కెట్టు సంగతి చెప్పింది — మూడు వందలదట, ఇంట్లో అందరూ దాన్ని 'నంద్యాల' అనే పిలుస్తారట, నంద్యాలలో నీళ్లు పట్టు అంటారట. ఇంకొకామె మొగుడు మూడు రోజులు ఆస్పత్రి బయట బజ్జీలే తిని, బిడ్డను చూడ్డానికి లోపలికి వచ్చేసరికి తానే కడుపు పట్టుకుని కూర్చున్నాడట. ఆస్పత్రిలో ఫోను చార్జింగుకు పది రూపాయలు. ఆయమ్మకు ఆడపిల్లయితే ఒక రేటు, మగపిల్లవాడైతే ఇంకో రేటు. "కవలలు పుట్టి ఒకటి అదీ, ఒకటి ఇదీ అయితే?" అని ఎవరో అడిగారు. లెక్క తేలక అందరూ పడీ పడీ నవ్వారు.

లూదియా కూడా నవ్వింది. పక్కలు నొప్పి పుట్టేలా నవ్వింది. నవ్వుతూనే గమనించింది — ఇంతమందీ ఇన్నేళ్లు ఆమె ముందు ఇట్లా నవ్వలేదు. తలలు మాత్రమే ఊపారు.

"నన్ను తిట్టుకున్యారా మే?" అని అడిగింది.

"తిట్టుకున్యాం," అంది రంగమ్మ నిక్కచ్చిగా. "అయినా నువ్వు పిలిస్తే వచ్చినాం. ఇంట్లో కనుంటే నా కోడలు దక్కేది కాదు. ఉచితం అని రాల్యా మేము. నువ్వు చెయ్యి పట్టుకుంటావని వచ్చినాం."

ఎక్కుతున్న గాజు మణికట్టు దగ్గర ఆగింది. లూదియా రంగమ్మ వైపు తిరగబోయింది.

"కదలొద్దు," అంది చాంద్‌బీ. "పగులుతాది."

మూడు వారాలకు నొప్పులు వచ్చాయి. పట్టపగలు. ఎండ నడినెత్తిన ఉండగా చెరువుకట్ట ఆస్పత్రిలో బిడ్డ పుట్టింది. ఆడపిల్ల. తల నిండా జుట్టు. ఏడుపు వార్డు దాటి వరండా దాకా వినబడింది.

తుడిచి, గుడ్డలో చుట్టి, బిడ్డను ఎత్తుకుని నవ్వుతూ వచ్చింది వార్డు ఆయమ్మ జానకమ్మ. ఆనాడు తలుపు సందులో నిలబడింది ఆమే. మంచం మీద ఉన్నదెవరో చూసింది.

నవ్వు ఆగిపోయింది.

"నువ్వా!"

బిడ్డను లూదియా పక్కలో పడుకోబెట్టి గబగబా వెనక్కి తిరిగింది. తలుపు దగ్గర రాజరత్నం. చేతిలో మడిచిన నోటు. ఎవరో చెప్పి పంపినట్టున్నారు. ఇవ్వాలో వద్దో తెలియక ఆ చెయ్యి గాలిలోనే నిలిచింది.

"జానకమ్మా," అంది లూదియా. గొంతు నీరసంగా ఉంది కానీ స్పష్టంగా ఉంది. "అందరినీ అడిగేది నన్నెందుకు అడగవు?"

"నిన్నెట్ల అడిగేదమ్మా..."

"రంగమ్మ నాలుగు కోళ్లు అమ్మింది."

జానకమ్మ తలుపు రెక్క పట్టుకుంది.

"నాకు మూడు నెల్లాయ జీతం రాక," అంది. "వచ్చినా కాంట్రాక్టోడు కోసుకుని ఇస్తాడు. రక్తం తుడిచేది నేను, గుడ్డలు మార్చేది నేను. నా బాధ నేనెవురికి చెప్పుకోవాల? బిడ్డను చూసిన సంతోషంలో ఇస్తారు కదా అని... సంతోషమే అనుకుంటి."

లూదియాకు ఆ చివరి మాట బాగా తెలిసిన మాటలా వినబడింది. తనూ అట్లాగే అనుకుంది కదా పదకొండేళ్లు.

"ఆ నోటు లోపల పెట్టప్పా," అంది రాజరత్నంతో. "పోయి టీ తీసుకురా. అందరికీ." జానకమ్మ వైపు తిరిగింది. "కూర్చో. నీ జీతం సంగతి ఆస్పత్రి మీటింగులో నేను లేపుతా. కోళ్ల సంగతి గూడా ఆడనే లేపుతా. రెండూ ఒకేసారి."

"నువ్వు లేపితే వింటారా?"

"తెల్దు."

"నిన్నే తీసేస్తే?"

"అదీ తెల్దు."

జానకమ్మ నవ్వింది. భయం కలిసిన నవ్వు. స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చుంది. కాసేపటికి వేలు చాపి బిడ్డ చెంప తాకింది. "ఎంత జుట్టమ్మా దీనికి..." అంది.

నెల తిరిగింది. మీటింగు వచ్చే వారం.

లూదియా బిడ్డను భుజాన, సంచిని చంకన వేసుకుని వీధిలోకి వచ్చింది. అంగన్‌వాడీ పక్క ఇంటి మెట్టు మీద షాలిని కూర్చుని ఉంది. పోయిన ఏడాదే పెళ్లయి వచ్చిన పిల్ల. పచ్చి మామిడికాయ కొరుకుతోంది. మూడో నెల.

లూదియాను చూసి లేచి నిలబడింది. నవ్వలేదు. తలూపలేదు.

"అక్కా, నంద్యాలకు పోతే ఎంతయితాది? నిజంగా చెప్పు."

వీధిలో అలాంటి ప్రశ్న అంతవరకు లూదియాను ఎవరూ అడగలేదు. మొదటిసారి.

ఆమెకు ఒక్క క్షణం సిగ్గేసింది. మరుక్షణం ఎందుకో చెప్పలేనంత సంతోషం వేసింది. సంచి దించి, చెప్పులు విడిచింది.

"జరుగు," అంది.

షాలిని జరిగింది. మెట్టు మీద ఇద్దరికీ, బిడ్డకూ సరిపోయేంత చోటు. ఎండ మోకాళ్ల దాకా వచ్చి ఆగింది. షాలిని చేతిలోని మామిడి ముక్క వాసన పుల్లగా, పచ్చగా...

ఎక్కడ మొదలుపెట్టాలి?

లూదియా ఆలోచిస్తోంది. బిడ్డ ఆవలించింది. షాలిని ఉప్పు అద్దిన ముక్క ఒకటి ఆమె చేతిలో పెట్టి, ఎదురుచూస్తూ కూర్చుంది.