పెన్సిలమ్మ చెప్పిన సిసిలీ

ఆమెకు అన్నిటికన్నా పెద్ద భయం, కూతురు తనను ఏమైనా అడగడం మానేస్తుందని.

చిన్న భయాలకు లెక్కే లేదు. పాప మెట్ల మీద జారుతుందేమో, ద్రాక్షపండు గొంతుకు అడ్డం పడుతుందేమో, బడి ఆటో తలుపు సరిగ్గా పడిందో లేదో. వాటికైతే మందుంది. పండు కోసి పెట్టవచ్చు, తలుపు లాగి చూసుకోవచ్చు. పెద్ద భయానికే మందు దొరకలేదు. ఆమె ఐదో తరగతి మధ్యలో బడి మానేసిన మనిషి. పాప ఇప్పుడు మూడో తరగతి. తల్లికి తెలిసిందంతా అయిపోవడానికి ఇంకెంతో దూరం లేదన్నమాట.

అనుకున్నదానికన్నా ముందే అయిపోయింది. పాప తండ్రి వెల్డరు. ఓడలు బాగుచేసే పని దొరికి సిసిలీ దీవికి వెళ్ళాడు. మధ్యధరా సముద్రంలో, ఇటలీ బూటుకాలు తన్నబోతున్న రాయిలా పటంలో కనిపిస్తుందది.

"అమ్మా, నాన్న ఉన్న దీవిలో ముందు ఎవరుండేవాళ్ళు? వాళ్ళకి కథలున్నాయా?" అని అడిగింది పిచ్చుక. నోరు మూయదు కాబట్టి ఇంట్లో అందరికీ ఆ పిల్ల పిచ్చుకే.

"తెలీదమ్మా," అంది ఆమె గిన్నె తోముతూ.

పిచ్చుక చక్కా బాబాయి గదిలోకి ఎగిరిపోయింది. కాలేజీ చదువుతున్న మరిదికి రానిదంటూ లేదు, తెలియదని ఒప్పుకోవడం తప్ప. "సిసిలీయా? ఓ అగ్నిపర్వతం, నాలుగు దొంగల ముఠాలు. అంతే," అన్నాడు సెల్లులోంచి తలెత్తకుండా. పిల్ల ఆ ముక్కే బడిలో అప్పజెప్పింది. సాయంత్రానికల్లా 'దొంగలదీవి పిల్ల' అన్న పేరు మోసుకుంటూ ఇంటికొచ్చింది. తండ్రి ఫోను చేస్తే నిద్రొస్తోందంది. తల్లిని ఒక్క మాటా అడగలేదు.

ఆమె భయపడ్డదే జరిగింది. ఏడ్చి లాభం లేదనుకుంది. ఆ దీవి సంగతేదో తేల్చాలి, అదీ మంచి పుస్తకంలోంచే తేల్చాలి, తన నోటితోనే పిల్లకు చెప్పాలి.

పుస్తకాలకు ఆమె కొత్తది కాదు. లైబ్రరీ వెనకగదిలో, చిరిగిన పుస్తకాలకు మళ్ళీ అట్టలు కట్టే చోట ఆమె పని. పుస్తకం చేతికి రాగానే ముందు అందులోని పెన్సిల్ గీతలన్నీ రబ్బరుతో చెరపాలి, తర్వాత పాత కుట్టు విప్పాలి. ఈ రెండూ ఆమె వంతు. కొత్తగా కుట్టి, జిగురు పూసి, అట్ట వేసేది మేస్త్రి. ఆయనకో సూత్రం ఉంది.

"అట్టను నమ్మకు అమ్మాయ్, అంచును నమ్ము. మొదటి పేజీల అంచులే మాసి మిగతాది తెల్లగా ఉందా, చదివేవాడు మధ్యలో పారిపోయాడన్నమాట. చివరిదాకా మాసిందా, కళ్ళకద్దుకో."

మధ్యాహ్నం చేతులు కడుక్కుని ఆమె లైబ్రరీలోకి వెళ్ళింది. ఆ దీవి చరిత్ర, సాహిత్యం, యాత్రలు అన్నీ కలిపి ఒక్క అరలో కుక్కేశారు. బొమ్మల పుస్తకం అంచులు తళతళలాడుతున్నాయి. దాన్ని ఎవరూ తాకినట్టే లేదు. ఒక లావుపాటి దానికి ముందు భాగమే మాసింది. ఓహో, పారిపోయారనుకుని పక్కన పెట్టింది. పచ్చ అట్టది మాత్రం మొదటి నుంచి చివరిదాకా వంటింటి మసిగుడ్డలా నల్లబడి ఉంది. దాన్ని నిజంగానే కళ్ళకద్దుకుని ఇంటికి తెచ్చింది.

సాయంత్రం పిచ్చుకను పక్కన కూర్చోబెట్టుకుని పైకి చదవడం మొదలుపెట్టింది. కూడబలుక్కుంటూ చదివే మనిషి కాబట్టి వాక్యం పూర్తయ్యాక గాని అర్థం తలకెక్కలేదు. 'ఈ దీవి వాసులకు స్వంత చరిత్ర లేదు. వచ్చినవాడికల్లా తలవంచడమే వారికి తెలుసు. సాహిత్యమనదగినది శూన్యం. చౌర్యం వారి రక్తంలోనే ఉన్నది.'

"నేను చెప్తే నమ్మలేదుగా వదినా. ఇప్పుడు అచ్చులో చూసుకో," అన్నాడు మరిది గుమ్మంలోంచి.

"పోయినసారి నీ మార్కులు కూడా అచ్చులోనే చూసుకున్నాం నాయనా. వెళ్ళి చదువుకో."

పిచ్చుక నవ్వలేదు. తల్లి చేతినే చూస్తోంది. "అమ్మా, ఎందుకు చెరిపేస్తున్నావ్? అక్కడేం రాసుంది?"

ఆమె ఉలిక్కిపడి చూసుకుంది. సంచిలోంచి రబ్బరు ఎప్పుడు తీసిందో ఆమెకే తెలియదు. పగలంతా చేసే పనే కదా, చదువుతూ చదువుతూ పేజీల అంచుల్లోని పెన్సిల్ రాతలన్నీ చెరుపుకుంటూ వచ్చేసింది. ఒడి నిండా రబ్బరు పొట్టు.

గబగబా పేజీలు తిప్పింది. ఇంకా చెరపని ప్రతి అంచునా చీమల బారులా సన్నటి అక్షరాలు. 'తప్పు.' 'ఎవరు చెప్పారు నీకు?' 'అరబ్బులు దాదాపు రెండు వందల ఏళ్ళు ఏలారు. వాళ్ళ వెంట నిమ్మతోటలొచ్చాయి. ఒక్క ముక్క రాయలేదేం?' 'తర్వాత వచ్చిన నార్మను రాజుల కొలువులో మూడు భాషల్లో రాతకోతలు నడిచాయి. మూడు భాషలున్న ఇంట్లో కథలుండవా?' చివరి పేజీలో ఇంకో మాట: 'ఈ దీవి గురించి మంచి పుస్తకాలేవో మొదటి పేజీలో రాశాను. అవి చదవండి.'

మొదటి పేజీ కడిగిన పళ్ళెంలా ఉంది.

"నువ్వే చెరిపేశావా?" అంది పిచ్చుక.

"నేనే చెరిపేశాను. రాసినవాళ్ళనే పట్టుకుందాం పద," అంది ఆమె. పిల్ల రెండు ప్రశ్నలు అడిగిందన్న సంగతి అప్పుడు గమనించింది.

మర్నాడు సంగతి విని మేస్త్రి పడీపడీ నవ్వాడు. "పెన్సిలమ్మ రాతలవి. భూగోళం పాఠాలు చెప్పి రిటైరైన టీచరమ్మ. ఆ పచ్చ పుస్తకాన్ని చదివి అంచులు మాపారనుకున్నావా? ఆవిడ తిట్లు చదవడానికి ఎగబడి మాపారు."

"మరి మీ సూత్రం?"

"సూత్రానికేం, చివరిదాకా చదివారుగా." ఆయన జిగురు కలుపుతూ అన్నాడు. "ఈమధ్య రావడం లేదులే. నా రబ్బరు బతికింది."

"ఎందుకు రావడం లేదటండీ?"

"ఏమో. నేనడగలేదు."

టీచరమ్మ ఇల్లెక్కడో ఆమె అడిగి తెలుసుకుంది. లైబ్రరీ వెనక వీధిలో కుట్టుమిషన్లు బాగుచేసే కొట్టు, దాని మేడ మీద గది. బడి వదిలాక పిచ్చుక చెయ్యి పట్టుకుని వెళ్ళి తలుపు తట్టింది.

"ఎవరూ?"

"లైబ్రరీ నుంచండీ. మీ రాతలు చెరిపేసినదాన్ని."

"అయితే లోపలికి రా. నీ మొహం చూడాలి. చూడలేననుకో, కళ్ళు మసకలు కమ్మేశాయి. అయినా రా."

బల్ల మీద భూతద్దం బోర్లా పడి ఉంది. గ్లాసు నిండా పెన్సిళ్ళు, అన్నీ చెక్కిన ములుకులతో అలాగే ఉన్నాయి. కిటికీ పక్కన కూర్చున్న పెద్దావిడ చేతులకు మాత్రం పని లేదు.

"ఆ మంచి పుస్తకాల పేర్లు మళ్ళీ చెప్పండి టీచరుగారూ. రాసుకుంటాను."

"పేర్లు గుర్తుంటే చెప్పనా? పేరు చూసి తెచ్చుకునేవాళ్ళు మీ మేస్త్రి అంచుల శాస్త్రం కన్నా ఘోరంగా మోసపోతారు. పుస్తకాన్ని రెండు ప్రశ్నలడుగు. ఇది ఎవరి దగ్గర విన్నావు? ఆ దీవి మనుషుల్ని నోరు తెరవనిచ్చావా? బదులిస్తే ఉంచుకో."

"నాకు కూడబలుక్కుని చదవడమే వచ్చండీ."

"నాకిప్పుడు అదీ లేదు. నీదే నయం. తెచ్చి చదువు. తప్పులు నేను దిద్దుతా."

ఆమె మళ్ళీ ఆ అర ముందు నిలబడింది. రెండు ప్రశ్నలూ వేసుకుంటూ ఒక్కో పుస్తకం విప్పింది. బొమ్మల పుస్తకం బదులివ్వలేదు. జనం మధ్యలో వదిలి పారిపోయిన లావుపాటిది బదులిచ్చింది. ముందు భాగమంతా రాజుల యుద్ధాలు, నిజమే, ఎవరైనా పారిపోతారు. ఆ తర్వాత తెల్లగా మిగిలిపోయిన పేజీల్లోనే ఉంది అసలు దీవి. ఏ మాట ఎవరిదో కింద చెప్పి మరీ రాశాడా రచయిత. కొలువులోని కవులు జనం మాటల్లో పద్యాలల్లడం, పద్నాలుగు పాదాల పద్యం అక్కడే పుట్టిందనడం అన్నీ ఉన్నాయి. వెనక వరుసలో ఇంకొక సన్నటి పుస్తకం దొరికింది. చదువురాని ఆడవాళ్ళు చెప్పగా విని రాసుకున్న కథలవి. చెప్పినవాళ్ళ ఊరూ పనీ కూడా ఉన్నాయి. ఆ రెంటినీ చంకన పెట్టుకుని మేడెక్కింది.

అప్పటినుంచి బడి వదిలాక ఇదే పని. ఆమె చదివేది, పెద్దావిడ "తప్పు, మళ్ళీ చదువు" అనేది, పిచ్చుక మంచం కోడు ఆనుకుని వినేది. ఒకరోజు, పూలు కోస్తున్న పిల్లను పాతాళరాజు ఎత్తుకుపోయిన కథ వచ్చింది. ఆ పిల్ల తల్లి అక్కడి అగ్నిపర్వతం మంటలోనే కాగడాలు ముట్టించుకుని దీవంతా వెతికిందట.

"ఆ అమ్మకి దారి ఎవరు చెప్పారు?" అంది పిచ్చుక, తల్లి వైపు తిరిగి.

"ముందు ఎవరికీ తెలీదు. కనబడ్డ ప్రతివాళ్ళనీ అడుగుతూ పోయింది."

"మనలాగా," అని పిచ్చుక తలూపింది.

ఆ వారం తండ్రి ఫోను చేస్తే పిచ్చుకకు నిద్ర రాలేదు. "నాన్నా, అక్కడికి నిమ్మతోటలు ఎవరి వెంట వచ్చాయో తెలుసా?"

"తెలీదమ్మా."

"అయితే అమ్మనడుగు," అని ఫోను తల్లి చేతికిచ్చింది.

ఇప్పుడు పిచ్చుకకు ఒళ్ళంతా పొక్కులు, జ్వరం. భయపడాల్సింది లేదని డాక్టరమ్మ అంది. కానీ అంటుకునే జబ్బు, తగ్గేదాకా తల్లీకూతుళ్ళు పెద్దవాళ్ళ దగ్గరికి వెళ్ళకూడదనీ అంది. మంచంలో కూడా పిల్ల నోరు మూతపడలేదు. "మేడ మీది మామ్మగారికి ఎవరు చదువుతున్నారమ్మా?" అని పొద్దున్నుంచీ అడుగుతోంది. మరిదిని వెళ్ళమంటే పరీక్షలున్నాయట.

అందుకని మీకే చెప్పడం. లైబ్రరీ వెనక వీధి, కుట్టుమిషన్ల కొట్టు, మేడ మీద గది. అటువైపు వెళ్తే ఒక్కసారి ఆవిడ ఎలా ఉందో చూసి రండి. తలుపు గట్టిగా తట్టండి. ఏదో ఒక పుస్తకం విప్పి నాలుగు వాక్యాలు చదవండి. మధ్యలో "తప్పు" అని వినిపించిందా, ఆవిడ బాగున్నట్టే. వినిపించకపోతే అక్కడే ఉండి మాకు కబురు పెట్టండి.