నల్ల ముద్ర లేని సీసా

“సీసాలో వచ్చేదంతా విషమే, ఒదీలియా,” అన్నాడు నా మొగుడు ఫిదెన్సియో. అంటూనే కోలా సీసా మూత తిప్పాడు. దాని మీద రెండు నల్ల ముద్రలున్నాయి. చక్కెర ఎక్కువని ఒకటి, కేలరీలు ఎక్కువని ఒకటి. సర్కారు వేయించే ఎనిమిది మూలల ముద్రలు. గది అవతలి నుంచి కూడా కనిపిస్తాయి. అతనికి కనిపించవు.

నేను సల్సా నూరుతున్నాను. ఆ కారప్పచ్చడి లేనిదే అతనికి పొద్దుటి తోర్తియా, అంటే మొక్కజొన్న రొట్టె, గొంతు దిగదు. సల్సా సీసా కొందామన్నందుకు ఆ మాట. నేను అడిగింది విషం కాదు, పొద్దున ఒక గంట. ఊళ్లో ఆడవాళ్ల బాండు మళ్లీ మొదలైంది. పెళ్లికి ముందు నేను అందులో క్లారినెట్ వాయించేదాన్ని. సాధన తెల్లవారగానే, అందరూ పనుల్లోకి పోకముందే. సరిగ్గా ఆ వేళకే నేను టమాటాలూ మిరపకాయలూ పెనం మీద కాల్చి, మూడు కాళ్ల నల్లరాతి రోట్లో నూరాలి. మిక్సీ వద్దు, నురగ వస్తుందట. ముందురోజుది వద్దు, చచ్చిన రుచట. “మా అమ్మ ఏనాడైనా సీసా కొన్నదా?” అనేవాడు. అత్తయ్య పక్కనే కూర్చుని ఉల్లిపాయలు ఒలిచేది. ఆమెకు రక్తపోటు. ఉప్పు తగ్గించమని డాక్టరమ్మ చెప్పింది. “సీసాల్లో ఉప్పు కుమ్మరిస్తారు. మా అమ్మను చంపుతావా?” అదొక మాట. క్లారినెట్ మంచం కింద పెట్టెలో ఉంది. పడుకుంటే మణికట్టు లాగేది. ఉన్న ఈ చేతిని దేనికి అరగదీస్తున్నానా అనుకునేదాన్ని.

చంపుతానో లేదో చూద్దామని శనివారం కొట్టుకు వెళ్లాను. కళ్లజోడు పెట్టుకుని సల్సా సీసాలన్నీ తిప్పి వెనక చదివాను. ఏది ఎక్కువ పోస్తే దాని పేరు ముందు రాస్తారు. మొదటి సీసా మీద రోలు ముందు కూర్చుని నవ్వుతున్న ముసలామె బొమ్మ. వెనక మొదటి పేరు నీళ్లు. తర్వాత టమాటా గుజ్జు, చక్కెర, పిండి, రంగు. నూరే ఆడది అలా నవ్వదు. అప్పుడే అనుమానించాల్సింది. రెండోదాని మీద నల్ల ముద్ర ఉంది, ఉప్పు ఎక్కువని. తీసిన చోటే పెట్టేశాను. మూడోదానికి బొమ్మ లేదు. టమాటా, మిరపకాయ, ఉల్లి, కొత్తిమీర, ఉప్పు, వెనిగర్. అంతే. ఒక వడ్డనలో ఉప్పెంతో కూడా రాశారు, కానీ వాళ్ల వడ్డన రెండు చెంచాలు. మా ఇంట్లో రెండు చెంచాలతో ఆగేవాళ్లెవరు? మేము తినేంతకీ కలిపి లెక్క వేశాను. అబద్ధం చెప్పను, ఉప్పుంది. కానీ చివరికి మా రోట్లో పడేదానికంటే తక్కువ. మొదట నేను వేసేది డాక్టరమ్మ చెప్పినంతే. తర్వాత ఫిదెన్సియో రుచి చూసి “ఉప్పేదే?” అంటాడు, ఇంకో చిటికెడు. మళ్లీ “చప్పగా ఏడ్చింది” అంటాడు, ఇంకోటి. వాళ్లమ్మను చంపేది సీసా కాదు.

కొట్లోనే నవ్వొచ్చింది. కొట్టావిడ “ఏం వదినా, లాటరీ తగిలిందా?” అంది.

“అంతకంటే ఎక్కువే,” అన్నాను.

ఆదివారం పొద్దున, కొనుక్కొచ్చిన ఆ మూడో సీసా మూత తీసి రోట్లో ఒంపాను. రోటిని బల్ల మధ్య పెట్టాను. రోట్లో ఉన్నదంతా నూరిందే అనుకోవడం మా మగవాళ్లకు అలవాటు. ఫిదెన్సియో తోర్తియా ముంచి కళ్లు మూసుకున్నాడు.

“ఇదీ! రోటి రుచంటే ఇదీ. ఏ సీసాలో వస్తుందమ్మా ఇది, నువ్వే చెప్పు!”

నేను లేచి ఖాళీ సీసా తెచ్చి అతని కోలా పక్కన నిలబెట్టాను. అతను దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. తిప్పి తిప్పి నల్ల ముద్ర కోసం వెతికాడు. దొరకలేదు. పక్కదాని మీద మాత్రం రెండున్నాయి.

“మోసం,” అన్నాడు.

“నాకు మంచం మీదే తెలిసిందిరా,” అంది అత్తయ్య. “పొద్దున రోటి చప్పుడు లేదు. పెళ్లయిన తర్వాత నేను హాయిగా పడుకున్న పొద్దు ఇదే.”

“నువ్వు కూడానా అమ్మా? నువ్వు ఎంత ప్రేమగా నూరేదానివి!”

“ప్రేమా! మీ నాన్న గిన్నె విసిరేసేవాడని నూరాను. నాకు అసలు కారమే పడదు. ఏనాడైనా అడిగావా?”

అతను అడగలేదు. నేనూ అడగలేదు. ఆమె పకపకా నవ్వింది. ఆమెకు అలా నవ్వడం వచ్చని నాకు తెలియదు.

“నేను మాత్రం సీసాది ముట్టను. రోటిదే కావాలి,” అన్నాడు ఫిదెన్సియో.

“రోలు అక్కడే ఉంటుంది,” అన్నాను.

సోమవారం తెల్లవారగానే పెట్టె తీసుకుని సాధనకు వెళ్లాను. వేళ్లు బిగుసుకుపోయాయి. తొలి ఊదుకు క్లారినెట్ బాతు అరిచినట్టు అరిచింది. ట్రంపెట్ల వరస మొత్తం నవ్వింది, వాళ్లతో పాటు నేనూ. నాలుగో పాటకు వేళ్లు దారి గుర్తుపట్టాయి. ఇంటికి పరిగెత్తినట్టే నడిచాను.

బల్ల మీద రోలు. ఫిదెన్సియో చొక్కా నిండా టమాటా. సల్సా పైన తెల్లగా నురగ, మిక్సీ లేకుండానే. శుభ్రత కోసమని రోటిని సబ్బుతో తోమాడు. ఆ రాయి సబ్బును తాగేసి మళ్లీ సల్సాలోకి కక్కింది.

అత్తయ్య గోరంత నాలుక మీద వేసుకుని కళ్లు మూసుకుంది. “టమాటా. మిరపకాయ. ఉల్లి. ఉప్పు.” ఆగింది. “సబ్బు. ఒదీలియా, దీనికి ముద్ర వేయించవే.”

ఇద్దరం బల్ల పట్టుకుని నవ్వాం. అతను నవ్వలేదు. రాతిని సబ్బుతో తోమకూడదని తనకెవరూ చెప్పలేదన్నాడు. నాకూ ఎవరూ చెప్పలేదు. నేను ఓదార్చలేదు.

“రేపు నువ్వు నూరుతావుగా?” అన్నాడు.

“రేపు నాకు సాధన ఉంది,” అన్నాను. “ఎల్లుండి కూడా.”