ఎలుగుబంటి ఆటలో నా వంతు

“బూట్లు మెరవాలి వెర్లీన్. ఆడవాళ్లు చూస్తారు,” అంటూ మా ఆయన క్లేటన్ బూట్ల జత తెచ్చి నా పిండి గిన్నె పక్కనే పడేశాడు.

మోచేతుల దాకా రొట్టెల పిండిలో ఉన్నాను. తుడవనని చెప్పానని రాసుకుంటే బాగుండేది. తుడిచాను. మా తెగవాళ్లం ఏటా వసంతంలో నాలుగు రోజులు ఆడే ఎలుగుబంటి ఆటకి ఆ రోజే ఆఖరు. మా వంట గుడారం వెనక కొమ్మలతో కట్టిన ఆట ఆవరణలోంచి, గాట్లు పెట్టిన కర్ర మీద ఇంకో కర్రతో గీకే గీరుడు కర్రల శబ్దం గరగరమని వస్తోంది. చలికాలం నిద్రలోంచి లేచిన ఎలుగు గుర్రుమన్నట్టు, తొలకరి ఉరిమినట్టు. ఆ శబ్దం వింటే నా అరికాళ్లు వాటంతటవే కదులుతాయి. పెళ్లై ఈ ఇగ్నేషియో ఊరికి వచ్చిన ఏడు నుంచీ అవి పొయ్యి ముందే కదిలాయి.

మా పుట్టిల్లు టోయాక్. నా చిన్నప్పుడు ఊళ్లో కుళాయి లేదు, తాగే నీళ్లు లారీలో వచ్చేవి. మా అత్త యూనిస్‌కి అదొక ఆయుధం. ఒళ్లు నొప్పులంటే, “నీళ్లు మోసుకు తాగిన పిల్లవి, ఇక్కడ తిప్పితే పడుతున్నాయి, ఇంకేం కావాలే నీకు?” అనేది. ఆటకి వెళ్తానంటే, “పొయ్యి దగ్గర ఎవరో ఒకరు ఉండాలిగా” అనేది. ఆ ఎవరో ఒకరు ఎప్పుడూ నేనే. నేను కుట్టిన శాలువాలు కప్పుకుని ఆడపడుచులు ఆడొచ్చి, “వదినా, ఇంకో రొట్టె” అని చేతులు చాచేవాళ్లు. మా అమ్మమ్మ మాత్రం వేరేలా చెప్పింది. “ఏడాదంతా అడిగేది మగాళ్లే. ఈ నాలుగు రోజులూ అడిగేది మనం. శాలువా కుచ్చు విసిరి ఆటకి పిలిచామా, కాదనే హక్కు ఏ మొనగాడికీ లేదు,” అని నవ్వేది. ఆ మాట మా ఆయనకీ బాగా తెలుసు. తనతో పాటు ఆఫీసులో పనిచేసే డార్లా వరసగా మూడేళ్లు తననే ఎంచుకుంటే, ఆట అయ్యాక కూడా ఇద్దరూ నది ఒడ్డున కనిపిస్తే, నేను అడిగాను. అమాయకంగా చేతులు చాపాడు. “నేనేం చేయను? ఆడమనిషి పిలిచింది. కాదనకూడదు, ఆచారం.”

పోయినేడు జరిగింది ఇంకా మింగుడుపడలేదు. శాలువా లేని ఆడమనిషి ఆటలోకి రాకూడదు. డార్లా శాలువా మర్చిపోయి వచ్చిందట. మా అత్త నన్ను అడగనైనా అడగకుండా నా సంచీలోంచి నాది తీసి ఇచ్చేసింది. “నువ్వెలాగూ పొయ్యి వదలవు, అది ఊరికే పడుంటుంది.” కొమ్మల సందులోంచి చూశాను. నేను ముడేసిన కుచ్చులు నా మొగుడి చేతికి తగిలాయి. వాడు ఇకిలించాడు. డార్లా మీద నాకు కోపం లేదంటే అబద్ధం. కానీ దాని ముఖం నాకు గుర్తు లేదు, వాడి పళ్లే గుర్తున్నాయి. ఆ చలికాలమంతా ఎర్ర గుడ్డ మీద కొత్త కుచ్చులు కట్టాను. ఎవరికని మా అత్త అడిగితే ఆర్డరన్నాను.

మధ్యాహ్నం దాటాక గీరుడు జోరందుకుంది. ఆఖరి ఆట ఎవరో ఒకరు పడేదాకా ఆగదు. నేను పులుసు కుండ దించి, చేతులు కడుక్కుని, ఎర్ర శాలువా కప్పుకున్నాను.

“ఎక్కడికే? పులుసెవరు చూస్తారు?” మా అత్త లేచి నిలబడింది.

“ఆకలేసినవాళ్లు.”

ఆవరణలో మగాళ్లు కూర్చున్న బెంచీ వైపు డార్లా అప్పటికే సగం దూరం నడిచింది. నన్ను చూసి ఆగిపోయింది. నేను ఆగలేదు. కుచ్చులు క్లేటన్ మోకాళ్ల మీద విసిరాను. మెత్తగా కాదు.

“ఏంటిది? పోయి వంట చూసుకో,” అన్నాడు పళ్ల బిగువున.

“కాదనకూడదు. ఆచారం.”

బెంచీ మొత్తం గొల్లుమంది. లేచాడు.

ఆడవాళ్లదొక వరస, ఎదురుగా మగాళ్లదొక వరస. మూడడుగులు ముందుకి, మూడడుగులు వెనక్కి. మొదట్లో నా మీదుగా అటూ ఇటూ చూస్తూ ఆడాడు. ఎండ పడమటికి వాలింది. పక్క జంటలు ఒక్కొక్కటే తప్పుకున్నాయి. వాడి మెడ ఎర్రబడింది, చొక్కా తడిసింది. నా కాళ్లకి ఇదేం లెక్క? పండగ పండగకీ తెల్లారుజాము నుంచి చీకటిదాకా నిలబెట్టి వీళ్లే వాటిని సాకారు. నేను అడుగు పెంచాను.

“చాలు వెర్లీన్. మోకాలు పట్టేసింది.”

“పాట ఆగలేదుగా.”

“పరువు తీయకు. నీకు దండం పెడతా.”

“పెట్టు. అందరూ చూస్తారు.”

వరస వదిలి పక్కకి జారబోయాడు. ఆట నడిపే ఆర్విల్ మామ, వరస తప్పినవాళ్లని అదిలించే ఆ పెద్దని మేం పిల్లి అంటాం, చేతిలో సన్న కొమ్మతో వాడి మడమల మీద చురుక్కుమనిపించాడు. “ఆడపిల్ల ఇంకా వదల్లేదురా అల్లుడూ!” నవ్వులు ఆవరణ దాటి గుడారాల దాకా వెళ్లాయి. నాకు జాలి వేయాలి. వేయలేదు. వాడి ఊపిరి ఈల వేస్తుంటే ఒంట్లో ఏదో తియ్యగా పాకింది. అలాంటి తీపి ఉంటుందని నాకు ఎవరూ చెప్పలేదు.

వాడు పడ్డాడు. ముందు మోకాళ్లు, తర్వాత అరచేతులు, తర్వాత ముఖం. గీరుడు ఠక్కున ఆగింది.

మా అత్త పరిగెత్తుకొచ్చింది. “లేపవే వాణ్ణి! అలా చూస్తావేం?”

“పడ్డవాణ్ణి పెళ్లాం లేపకూడదు అత్తా. మామ దోషం తీశాకే లేవాలి.”

ఆర్విల్ మామ గీరుడు కర్ర పాదాల నుంచి తల దాకా తాకించి ఏదో గొణిగాడు. క్లేటన్ దుమ్ములోంచే నా వంక చూశాడు. డార్లా రాలేదు. అది అప్పటికే తన వాళ్ల కారెక్కింది.

తూర్పు వాకిట్లో దేవదారు చెట్టు దగ్గర జనం బారులు తీరారు. ఆట అయ్యాక ఆ ఏటి బాధలూ కక్షలూ ఒక ఈకకి అప్పజెప్పి కొమ్మకి కట్టేసి, తేలికపడి ఇళ్లకి పోతాం. ఆర్విల్ మామ నాక్కూడా ఒక ఈక ఇచ్చాడు. “కట్టెయ్యమ్మా. ఇవాళ నీదే పెద్ద బరువు.”

ఈకని మడిచి శాలువా కొంగులో ముడేసుకున్నాను.

“ఇప్పుడే వద్దు మామా. ఈ బరువుతో ఇంటి దగ్గర నాకింకా పనుంది.”